కొండా, వెంట్రుకా

లోఫోటెన్‌లో జూన్ నెలంతా పొద్దు గుంకదు,
అందుకే ఎంతసేపైందో చెప్పలేను.
మూడుసార్లు పోసిన కాఫీ
మూడుసార్లూ చల్లారింది.

చిన్న చేపలకని తెచ్చిన సన్నదారం.
గున్‌వోర్ దాన్ని లాగడం లేదు,
బతిమాలుతోంది.
అడుగున ఇసుకను కరుచుకున్న హాలిబట్
పాత తలుపులా
తెరుచుకున్నట్టే తెరుచుకుని
మళ్ళీ ధనామని మూసుకుంటోంది.

"తెంపేయనా?" అన్నాను, కత్తి తీసి.
బడి బస్సు నడిపే మనిషి,
అద్దంలోంచి అల్లరి పిల్లాణ్ణి చూసినట్టు
చూసింది నన్ను.

చివరికి తేలింది,
పడవకన్నా కాస్తే పొట్టి.
ఒకే పక్కనున్న రెండు కళ్ళూ
మా ఇద్దర్నీ చూశాయి.

"తల్లి చేప," అంది గున్‌వోర్,
గాలం ఊడదీస్తూ.

కొండ వెళ్ళిపోయింది.
వెంట్రుక మాత్రం
ఆమె వేళ్ళ మధ్య,
తడిగా,
ఇంకా వణుకుతూ.