పెట్టె అన్న మాట

సల్మాబాద్ క్యాంపుల, శుక్రవారం, మెస్ హాల్ల
కూలర్ గుర్రుమంటుంటె
హద్దాద్ మేడం మనిషికి పది నాణేలు పంచింది.
అన్నీ వంద ఫిల్సులయి, కొత్తయి.
మనుషులు ఎంత కలుపుగోలో, ఎంత స్వార్థమో
కొలిచే చదువంట ఆమెది.
నేను దుబాసీని. నాకు పూటకు పన్నెండు దినార్లు,
వీళ్ళకు మూడు రోజుల కైకిలి.

"తోచినంత పెట్టెల ఎయ్యాలె.
పడ్డది రెండింతలు చేసి అందరికి సమానంగ పంచుతరు.
ఎయ్యనోనికి గూడ వాటా ఉంటది.
ఎవరెంత ఏసిండ్రో ఎవ్వరికి తెల్వది."
ఆమె చెప్పింది చెప్పినట్టే చెప్పిన.
పెట్టె అన్న మాట కాడ
బల్ల కింద చెప్పుల చప్పుడు ఆగింది.

డబ్బా అనాల్సింది.
పోయిన నెల పోశెట్టి ఊరికి పోయింది పెట్టెలనే.
పందొమ్మిది దినాలు మార్చురీల ఉండి,
వీళ్ళు తలా ఇంత ఏసుకున్న కిరాయి మీద.

దుప్పటి పరదా ఎనుకకు ఒక్కొక్కలు పోయిండ్రు.
ఎనిమిది మంచాల గదిల
దగ్గు ఇని మనిషిని చెప్పేటోళ్ళకు
గుట్టు ఎక్కడిది?
చిన్నరాజం పోయినప్పుడు చప్పుడు రాలె.
రాని చప్పుడును అందరు ఇన్నరు.

పన్నెండు మంది. మహా అంటె నూట ఇరవై.
పెట్టెల నూట ముప్పై ఒకటి ఉన్నయి,
అందుట్ల ఒకటి సౌదీ రియాల్.
మేడం మళ్ళ లెక్కవెట్టింది.
ఆమె కాయితంల సున్న నుంచి పది దాకనే గళ్ళు.
"నువ్వు సరిగ్గనే చెప్పినవా?" అని మెల్లగ అడిగింది.

లస్మన్న అన్నడు: "పోరనికి ఏజెంటు వడ్డి ఉంది.
వాని పాలు మేం ఏసినం. రాసుకోమను."
మూలకున్న ఎల్లయ్య మాత్రం
"నేను వానికోసం ఎయ్యలె" అన్నడు,
"పెట్టె అన్నవు గద, అందుకేసిన."
ఇది ఏ గడిల రాయాల్నో
ఇద్దరం తేల్చుకోలేకపోయినం.

మాట ప్రకారం రెండింతలు చేసింది,
తక్కువైంది తన సంచిలకెల్లి తీసి.
మనిషికి ఇరవై ఒకటి. చిన్నరాజానికి గూడ.
వాడు తల ఎత్తకుండ రెండు చేతులు పట్టిండు.

పది మిగిలినయి.
అందరు నా దిక్కు చూసిండ్రు.
"పొద్దటి సంది నిలవడ్డవు, నీకేం రాలె గద"
అని లస్మన్న నా జేబుల పోసిండు.

తీసుకున్న.
పన్నెండు దినార్ల ముచ్చట
మేడం భాషలనే ఉండె,
అదొక్కటి తర్జుమా చెయ్యలె.