బొరుగుల అక్షరాలు

గుంతకల్లు పాత బస్టాండు వెనక
ఉగ్గాని బండి మస్తానమ్మ అడిగింది మొదట:
"బోర్డు చూస్తానే ఆకలి కావల్ల.
కడుపు నింపేది నా పని,
నువ్వు నోరూరిస్తే సాలు."

ఆ పొద్దంతా బొరుగుల బట్టీ కాడ కూచున్నా.
కాలిన ఇసకలో గుప్పెడు బియ్యం పడతానే
చిటపటమని తెలివొచ్చి
ఒకటి పక్కకు ఒరిగె, ఒకటి బోర్లా పడె.
ఏ రెండూ ఒక్క తీరుగా ఉబ్బలేదు.
ఇంటికొచ్చి అ గీసినా.
పొట్టొచ్చిన అ.

మన లిపి ముందునించీ గుండ్రమే గదా,
ఇంకొంచెం గాలి ఊదితే అయిపాయె అనుకున్నా.
ఆర్నెల్లు పట్టింది.

లావు చేసేకొద్దీ ప నోరు మూసుకుని వ అయ్యేది.
పచ్చిమిరపకాయ బజ్జి
వచ్చిమిరపకాయ వజ్జి అయి
నన్నే ఎక్కిరించేది.
తెల్లార్లూ దాని నోరు తెరిపించడమే పని.
ఝకు కాళ్లెన్నో దానికే తెలీదు,
ఊదితే అన్నీ ఒకదాన్నొకటి తొక్కుకునేవి.
తలకట్టును కొంచెం పక్కకు వంచినా,
పెండ్లిలో రెండోసారి భోజనానికి కూచున్న
మేనమామ తలపాగా మాదిరి.
ఒత్తులన్నీ బండి కింద నక్కిన కుక్కపిల్లలు:
ఎవురూ తొక్కకుండా, ఎవురికీ దూరం పోకుండా.
సున్నను మాత్రం అట్లే వదిలేసినా.
సున్నను ఇంకేం ఊదుతావు?

ముదురు నీలం మీద పసుపు రంగుతో
బోర్డు ఎక్కిన పొద్దున
మస్తానమ్మ చాలాసేపు చూసి
"నా పేరు ఇంత లావుగా ఉంటుందా" అనింది.
ప్లేటు మీద ఒక బజ్జి ఎక్కువేసింది.

తరవాత ఫ్లెక్సీ అంగడి కుళ్లాయప్ప
పెన్ డ్రైవు పట్టుకొని వచ్చె.
ఒక టీ తాగించె. అదే కూలి.
ఇంగ ఊరంతా బొరుగులే.
చికెన్ పకోడా బండి మీద,
ఎక్కాలు నేర్పే ట్యూషను గేటు మీద,
ఆటో వెనక "మెల్లగా రా నాయనా" అని.
తొమ్మిదొందల అడుగులకూ తడి తగలని సీమలో
బోరు లారీ పక్కన నిండుగా ఉబ్బి
గంగ.
అది చూసి నవ్వాల్నో వద్దో తెలీలేదు.

రైల్వే కాలనీ మలుపులో ఒకనాడు
కాలు నిలిచిపోయింది.
పాయింట్స్‌మన్ వన్నూరప్ప ఫోటో,
మీసం, పూలదండ.
పైన నా అక్షరాలు, తలపాగాలు వంచుకుని:
శ్రద్ధాంజలి.

ముఖం మండిపోయింది.
నేరుగా అంగడికే పోయినా.
"సావుకు ఎవురన్నా ఇది ఏస్తారా?"
"రాత్రి పదకొండుకు వచ్చిరక్కా, ఏడుస్తా.
కంప్యూటర్లో అదే తెరిచి ఉండె.
నా కండ్లకు ఏ రాతైనా రాతే."

మళ్లీ పోయి ఆ మలుపులోనే నిలబడినా.
వచ్చేవాళ్లు వస్తాండారు.
సైకిలు దిగి ఒకాయన చెప్పులు విడిచె.
ఎవురూ నవ్వలేదు.
ఎవురూ అక్షరాలను చూడలేదసలు,
అందరూ పేరును చదివినారు.

ఒక పిల్లోడు మాత్రం, మూడో తరగతేమో,
వేలు పెట్టి కూడబలుక్కుంటాండె:
శ్ర... ద్దా...
"ద్దా కాదురా, ద్ధా" అనబోయి
దగ్గరకు పోయి చూస్తే
ధ ఒత్తు కింద ఉండాల్సిన చిన్న గీత
ఉబ్బులో మునిగిపోయి ఉండాది.
వాడు రాసింది రాసినట్టే చదివినాడు.
తప్పు నాది.

బజ్జీలలో ఆ ఒత్తు రాదు.
ఉగ్గానిలో రాదు.
అందుకే ఆర్నెల్లు నాకు కనబడలేదు.

ఆ రాత్రి ఆ గీతను బయటికి లాగి
చుట్టూ ఊపిరాడేంత చోటిచ్చినా.
దాని కోసం ద పొట్ట కొంచెం లోపలికి నొక్కినా.
అక్షరం కొంచెం నెమ్మదించింది,
నవ్వు మాత్రం పోలేదు.

కొత్త ఫైలు పంపితే కుళ్లాయప్ప అడిగె,
"ఏం మారిందక్కా?"
"ఒక గీత."
"ఒక గీతకు ఇంత రాత్రి మేలుకుంటివా!"

ఫోను పెట్టేసినాక
శ్రద్ధాంజలి అని ఇంకోసారి కొట్టి చూసుకున్నా.
తరవాత, ఎందుకో,
వన్నూరప్ప అని కొట్టినా.
న ఒత్తు బాగానే కూచునింది.
ప్ప నోరు తెరుచుకునే ఉండాది.