నాలుగు నుంచి ఏడు దాకా

సీసా కుదపమంది డాక్టరు.
కుదపకపోతే మందంతా అడుక్కి చేరి
పైనున్న ఉత్త నీళ్లే కంట్లో పడతాయట.
నలభై ఏళ్లు బిరడాల కోసం ఓక్ చెట్లు ఒలిచిన చేతులు నావి,
బెరడు కింది ప్రాణానికి తగలకుండా
గొడ్డలి ఎక్కడ ఆపాలో తెలిసినవి.
చిటికెనవేలంత సీసా పట్టుకుని వణుకుతున్నాయి.

"పైకి చూడు, జుల్మీరా."
"చూస్తూనే ఉన్నా. నీదే ఆలస్యం."

మా అలెంతెజులో ఎండలు ముదరకముందే
ఆడవాళ్లు ఇళ్లకి సున్నం కొడతారు.
మే నెలలో, తొట్టిలో ఉడుకుతున్న సున్నం
ఒక్క బొట్టు ఎగిరింది.
ఒక్కటే.
బావి ఖాళీ అవుతుందేమో అన్నంతగా నీళ్లు గుమ్మరించాను.

పుండు మానింది. ఎరుపు మానలేదు.
ఎవొరా ఆసుపత్రిలో డాక్టర్ బ్రిజిదా
కాగితం మీద కన్ను గీసి
గడియారానికిలా అంకెలు వేసింది.
"నాలుగు నుంచి ఏడు దాకా రక్తనాళాలు పాకాయి.
నల్లగుడ్డు మీది ఈ అద్దం
గాలీ కన్నీరూ తాగి బతుకుతుంది,
నెత్తురుకి ఇక్కడ పని లేదు."

మరి ఎందుకొచ్చాయి?

"సాయానికి."

అడవి అంటుకున్న ఏడాది గుర్తొచ్చింది నాకు.
నాలుగూళ్ల జనం తడిగోనెలతో పరుగెత్తుకొచ్చారు.
మంట ఆరింది. జనం కదల్లేదు.
వారం పాటు మా వాకిట్లోనే తిని, తాగి, పాడి,
పొగని మించిన దుమ్ము లేపారు.
ఆదుకున్నవాళ్లని పొమ్మనడానికి
నోరెలా వస్తుంది?

ఈ చుక్కకి వస్తుంది.

మొదటి రోజు, "మళ్లీ తెల్లదేనా?" అని
తల తిప్పేసుకుంది జుల్మీరా.
గంటకొక చుక్క. ఆ తర్వాత రోజుకి నాలుగు.
ఉన్నట్టుండి ఆపకూడదు, మెట్టు మెట్టుగా దిగాలి.
మందు ఎక్కువైతే కంటి లోపల ఒత్తిడి పెరుగుతుందని
పదిహేను రోజులకోసారి బస్సెక్కి కొలిపించుకొచ్చేవాళ్లం.

నిద్రలో ఉండగా రెప్ప ఎత్తితే
ఒలిచిన ఓక్ మానుదే ఆ ఎరుపు.
మేం ఒలిచిన మాను మీద తెల్లరంగుతో ఏడాది అంకె రాసి
తొమ్మిదేళ్లు ముట్టుకోం.
ఎంత ఓపిక పట్టానో చెట్లకి!
మూడు నెలలు పట్టలేక
రోజూ టార్చి వేసి నాళాలు లెక్కపెట్టాను.

సెప్టెంబరులో డాక్టరు యంత్రం ముందు చాలాసేపు కూర్చుంది.
"నెత్తురు పోయింది. ఖాళీ దారులు మిగిలాయి.
దయ్యపు నాళాలంటాం మేం.
వాపొస్తే ఆ దారినే తిరిగొస్తాయి,
కన్ను ఎర్రబడిన రోజే రండి."

బస్సు దిగి, వీధిలో నిలబడి,
మంచి కన్ను అరచేత్తో మూసుకుని
ఇంటి గోడకేసి చూసింది.
తను మంచాన ఉండగా నేనే ముగించిన గోడ.

"ఫిర్మీనో,
కిటికీ కింద ఈ నీలం పట్టీ వంకర పోయింది.
ఎప్పట్నించి?"

మే నుంచి, అన్నాను.