ఇరవై రెండో రోజు

స్లాబు పోసి నిన్నటికి ఇరవై ఒక్క రోజులు.
గుణుపురంలో ఆడపిల్లల హాస్టలు, రెండో అంతస్తు.
కింద ఇంకా నావే నిలబడున్నాయి
నూట నలభై సరుగుడు బొంగులు,
అరవై ఇనప జాకీలు.
"విప్పించీ రవణమ్మా" అని పొద్దుటి నుంచీ ఫోన్లు.
విప్పను.

సెంట్రింగు పనంటే ఇంతే బాబూ.
అంబలిలాగున్న కాంక్రీటుకి
ఇక్కడ ఆగు, ఇక్కడ ఒంగు, నీ ఒళ్ళింతే అని
చెప్పేది మా చెక్క.
గట్టిపడే దాకా మోసేదీ మా చెక్కే.
గట్టిపడ్డాక ముందు పీకేది మమ్మల్నే.
రిబ్బను కత్తిరించే వేళకి
మా మేకు చిల్లు కూడా కనపడకుండా పూసేస్తారు.

కాశీనగరంలో మార్కెట్టు కట్టిన నాడు
నాకీ తెలివి లేదు.
లక్షా ఎనభై నాలుగు వేలు.
మహాపాత్రో గారు మంచోడే, వెళ్ళినప్పుడల్లా టీ ఇప్పించేవాడు.
"పైనుంచి రాలేదమ్మా,
మాకొస్తే మీకొచ్చినట్టే."
పై అంటే ఎక్కడో చూద్దామని నేనూ బయల్దేరాను.
బరంపురంలో భువనేశ్వరం అన్నారు.
భువనేశ్వరంలో, మెజర్‌మెంటు బుక్కులో నీ పేరే లేదన్నారు.
నిజమే, వాళ్ళు కొలిచింది స్లాబుని.
దాన్ని మోసినదాన్ని ఎవరు కొలుస్తారు?

కాగితం తీసి చూపించారు. అంతా ఒడియా.
ఒక్కో అక్షరం గొడుగేసుకుని నిలబడినట్టుంది.
అన్ని గొడుగుల కింద, ఆ చివర,
తెలుగులో నా సంతకం ఒక్కటే
తడుస్తా ఉంది.

ఆ ఏడు వంశధార పొంగలేదు.
మా ఇంట్లోకి మాత్రం మోకాటి లోతు వచ్చింది.
ప్రతి సంత రోజూ ఇసాకు గొమాంగో వచ్చి
అరుగు మీద కూర్చునేవాడు.
కూలి అడగలేదు. అడిగితే బాగుండును.
చెంబుడు నీళ్ళు తాగి, చీకటి పడ్డాక లేచేవాడు.
నలభై ప్లేట్లు తూకానికి అమ్మి అతనికిచ్చాను.
ఇనప కొట్టువాడికి వాటి బరువు తెలుసు,
వాటి మీద ఎన్ని కప్పులు పడుకుని లేచాయో తెలీదు.

ఈసారి, సాహు గారి పని ఒప్పుకోకముందే
పర్లాకిమిడి ఎల్లాను.
పారిజాతం అని ఓ పిల్ల ప్లీడరు, నల్లకోటు మోచేతికి మాసిక.
ఫీజు అడగలేదు, ప్రశ్నలడిగింది.
ఎప్పుడు మొదలు? కొలత ఎంత? ఎవరి ఎదుట?
నాలుగే నాలుగు వాక్యాలు రాసింది,
పైన ఒడియా, కింద తెలుగు.
పోతకి ముందు సగం.
పోసిన వారానికి పావు.
ఆఖరి పావు చేతిలో పడ్డాకే జాకీ కదుల్తాది.
సాహు గారు చదివి, "పైనుంచి వచ్చాక" అని
మధ్యలో ఇరికించాడు.
ఆ పిల్ల ఏమీ అనలేదు, స్కేలు పెట్టి కొట్టేసింది.
కొట్టేసిన గీత పక్కనే ఇద్దరం సంతకాలు పెట్టాం.
నా జన్మలో అంత అందమైన గీత చూడలేదు.

అయినా ఈ మధ్యాహ్నం నాకు అన్నం దిగలేదు.
మంచాలు లారీలో వచ్చి ఎండలో ఉన్నాయి.
ప్రారంభం గురువారం.
పిల్లలు పాత రేకుల షెడ్డులోనే పడుకుంటున్నారు,
వార్డెనమ్మ నావైపు చూడదు.
ఆ పిల్లల్లో ఇసాకు కూతురు ఎస్తేరు కూడా ఉంది.
సుత్తి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఇసాకుని అడిగాను,
ఏం చేద్దాం?
"రేకుల కింద పుట్టిన పిల్లే కదమ్మా" అన్నాడు.
అంతకన్నా తిట్టినా బాగుండును.

సాయంత్రం ఫోను కుయ్యిమంది.
కళ్ళజోడు లేదు. ఎస్తేరు చదివిపెట్టింది,
ఒక్కో అంకె మీదా వేలుపెట్టి.
లెక్క కట్టాను. మళ్ళీ కట్టాను.
ఏడు వేలు తక్కువ.

ఇసాకు నా మొహం చూశాడు. నేను సుత్తి చూశాను.
చీకటి పడే లోపు అన్నీ దించేశాం,
వరండా నడిమిని
ఏడు జాకీలు ఉంచి.
గురువారం వచ్చే పెద్దమనిషి
వాటి పక్కనుంచి ఒదిగి నడవాలి.
ఇవేంటని అడిగితే
సాహు గారు చెప్తాడు.