చుక్కలేని గుట్ట

యార్డుకు ఎండాకాలం సెలవులిచ్చారు.
పదకొండు నెలలు కాటా ముందు కూర్చున్నవాణ్ణి
పన్నెండో నెల ఏం తూచాలో తెలియక
గుంటూరులో ఫిరంగిపురం బస్సెక్కాను.

ఊరి వెనక, ఇంకా వెనక,
పత్తికట్టె కూడా మొలవని నేల దాటాక
ఒక గుట్ట ఉంది.
మ్యాపులో దానికి అంకె ఉంది, పేరు లేదు.
మేకలవాళ్లు మాత్రం చుక్కలేని గుట్ట అంటారు,
ఏ కాలంలోనూ అక్కడ చుక్క నీళ్లుండవు కనుక.

తెల్లారుజామున నాలుగింటికి లేపాడు శౌరయ్య.
తల పైకెత్తి చూస్తే
ఆ పేరంత అబద్ధం ఇంకోటి లేదు.

అయిదు లీటర్ల నీళ్లు, చద్దన్నం మూట, నాలుగు ఉల్లిపాయలు.
అలవాటు కొద్దీ సంచి చేత్తో ఎత్తి చూశాను:
ఏడున్నర కిలోలు, తరుగు తియ్యకుండా.
"తరుగు కొండ తీస్తుందిలే" అన్నాడు శౌరయ్య.

దారి అంటూ లేదు.
మేకలు వద్దనుకున్న చోట్లన్నీ వదిలేస్తే
మిగిలిందే దారి.
పలుగురాళ్లు కాలికింద పళ్లు నూరాయి.
బలుసుకంప చొక్కా పట్టుకుని
బాకీ ఉన్నవాణ్ణి బజార్లో ఆపినట్టు ఆపింది.

ఏడింటికి ఎండ మెడమీద చెయ్యి వేసింది.
ఎనిమిదికీ ఆ చెయ్యి తియ్యలేదు.
తొమ్మిదికి రెండోది కూడా వేసింది.

చెమట తుడుచుకుంటే కళ్లు భగ్గుమన్నాయి.
ఇరవై రెండేళ్ల మిరపకారం
గోళ్ల సందుల్లో దాక్కుని నాతోపాటే కొండెక్కింది.
ఏ సబ్బుకీ పోదు.
పెళ్లయిన రాత్రి దీని మూలంగానే
ఇద్దరం ఏడ్చాం, తరవాత చాలాసేపు నవ్వాం.
ఇక్కడ ఒక్కణ్ణే.
బండకు ఆనుకుని, కళ్లు మూసుకుని,
మంట దానంతటది తగ్గేదాకా నిలబడ్డాను.
రాయి మీద ఉడుము ఒకటి నన్ను చూసి కదల్లేదు.

ఇదే కొస అనుకున్నది మూడుసార్లు కొస కాలేదు.
ఒక్కసారీ ముందు చెప్పలేదు శౌరయ్య.
అడిగితే, "మేకలకి చెబుతామా?" అన్నాడు.

కొస మీద ఏమీ లేదు.
సున్నం వెలిసిపోయిన సర్వే రాయి,
దాని పక్కన రాళ్లకింద తుప్పు పట్టిన రేకు డబ్బా,
డబ్బాలో బడిపిల్లల నోటుబుక్కు.
ఎక్కినవాళ్లు రాసుకున్నవి:
ఒక పేరు, ఒక తేదీ. ఇంకో పేరు.
'మోకాలు నొప్పి. మళ్లీ రాను.'
నాలుగు పేజీల తరవాత అదే చేతిరాత:
'వచ్చాను.'

దూరంగా కొండవీటి వరస,
దానికి ఇవతల అగ్గిపుల్లంత రైలు.
గుంటూరు ఉండాల్సిన చోట బూడిదరంగు.
యార్డులో తుమ్మకుండా ఒక మాట పూర్తిచేసిన రోజు లేదు నాకు.
ఇక్కడ గంటసేపు ఒక్క తుమ్మూ రాలేదు.
అందుకు, ఎందుకో, దిగులేసింది.

డబ్బా వెనక సగం నిండిన సీసా ఉంది.
నీళ్లు వేడెక్కి, పచ్చబడి.
చెయ్యి చాపాను.
"అది మనది కాదు" అన్నాడు శౌరయ్య.
ఎవరిదన్నాను.
"తెచ్చుకున్నది చాలనివాడిది."

సంచిలో లీటరు మిగిలింది.
పాతనీళ్లు రాయి మొదట్లో పోసి
మాదాంట్లో సగం ఆ సీసాలోకి వంచాను.
అప్పుడు పుస్తకం తీసి,
పేరు రాయబోయి, చెయ్యి అలవాటు పడిందే రాసింది:
ఎత్తుబడి ఏడున్నర.
తరుగు అరలీటరు.
కింద సంతకం, పొడి అక్షరాల్లో.

దిగేటప్పుడు నాలుక చెక్కయింది.
ఆ అరలీటరు ప్రతి మలుపులోనూ గుర్తొచ్చింది.
మంచిపని చేశాననిపించలేదు, దాహమే వేసింది.
శౌరయ్య ఉల్లిపాయ చిదిమి సగం ఇచ్చాడు.

బస్టాండు దగ్గర గోళీసోడా తాగుతూ వెనక్కి చూశాను.
గుట్ట కనబడలేదు,
ముందున్న గుట్ట అడ్డం.
కళ్లు మాత్రం ఇంకా మండుతున్నాయి.