తిరిగొచ్చే సప్పుడు

కళ్యాణదుర్గం పక్కన మా ఊళ్లో
సముద్రం చూసినోడు ఒక్కడే,
గాదిలింగ పెద్దాయన.
"చూసింది తక్కువ, విన్నిందే ఎక్కువ" అనేటోడు.

ఎండిన బాయి అడుగున
గడ్డపారతో బండను ఒక్క పోటు పొడిచి
చెవి ఆనించి పడుకుంటాడు.
గట్టు మీద మేమంతా
దగ్గు కూడా మింగి నిలబడతాం.

జీవాలు ఎముకలైన ఏడు
రాయదుర్గం సంతలో ఎవురో చెప్పినారంట,
యుద్ధం ఓడల్లో మూడు పూటలా తిండని.
బొంబాయిలో దొర చేతి గడియారం విప్పి
చెవి కాడ నుంచి దూరంగా, ఇంకా దూరంగా జరిగినాడు.
గది గోడ తగిలేదాకా ఈయన తల ఊపుతానే ఉన్నాడు.
అమాస రాత్రి మంద చుట్టూ
తోడేలు అడుగు లెక్కబెట్టిన చెవి అది.

కాపలా ఓడ కడుపులో చీకటి గది.
చెవులకు రెండు చిప్పలు.
నీళ్లలోకి ఒక సప్పుడు వదలల్ల,
దేనికన్నా తగిలి తిరిగొస్తుందేమోనని కాచుకోవల్ల.
తిమింగలానికైతే మెత్తగా వస్తుందంట,
చేపల గుంపుకైతే చిల్లరగా.
ఇనుముకైతే ఎట్లొస్తుందో
ఎన్నిసార్లడిగినా చెప్పలేదు.

ముప్పై రెండు సరుకు ఓడలు.
గోధుమలు, బొగ్గు, గోనె సంచులు,
ఒకదాని నిండా బుడ్డల నూనె, మన సీమ బుడ్డలదే.
"వాటికి కొమ్ములు గూడా లేవు నాయనా,
మంద నడక కుంటి గొర్రెను బట్టే."

నూనె ఓడే కుంటిది.
ఇంజను దగ్గి దగ్గి ఒక రాత్రి వెనకబడింది.
కోడికూత యాళకు చిప్పల్లో ఇనుము పలికింది.
ఈయన అరిచినాడు.
పీపాల్లాంటి బాంబులు దొర్లించినారు,
నీళ్లు వామి అంత ఎత్తు లేచి కూలినాయి.
అయినా వెనక మూల ఆకాశం ఎర్రబడింది.

తిరగొద్దని ఆర్డరు.
ముప్పై ఒకటిని కాయాలంటే
ఒకదాన్ని లెక్కలోంచి తీసేయల్ల.
కురుబోనికి చెప్పే మాటేనా అది?

తెల్లారినాక గాలి ఇటు మళ్లింది.
ఎవురింట్లోనో కర్జికాయలు వేంచినట్టు వాసన.
ఆకలి గొన్న పిల్లోళ్లు కొందరు
ఏందో తెలీక నోరూరించుకున్నారంట.

ఊరికొచ్చినాక ఆయన మంద ముందర నడవలేదు.
ఆఖరి గొర్రె వెనక, దాని దుమ్ములో.
అది ఆగితే ఆగుతాడు,
పొద్దు గుంకినా సరే.
పండగనాడు పొయ్యి మీద నూనె కాగితే
గొంగడి భుజానేసుకుని గుట్ట దిక్కు పోతాడు.

"ఉందా పెద్దాయనా?"
పైనుంచి మా నాయన ఉండబట్టలేక అడిగినాడు.
లోపల గుల్లగా పలికితే నీళ్లు,
అంతవరకూ మాకూ తెలుసు.

ఆయన లేచి కూర్చుని
చెవికంటిన మన్ను తుడుచుకున్నాడు.
"ఆడ ఏమీ తిరిగి రాకుంటే
ఆ పూటకు అందరం బతికినట్టు.
ఈడ..."

మాట అట్లే వదిలి
గడ్డపార చేతికి తీసుకున్నాడు.
"ఇంగోతూరి పొడుస్తా.
సప్పుడు చేయాకండి."