తంగసాల వీధిలో నాలుగు చిల్లులు

తలుపు తీయగానే వాసన కొంత చెప్పేస్తుంది.
పాత లక్క, బల్లిగుడ్ల పొడి, వేరుశనగ నూనె.
గడియారానికి వేరుశనగ నూనె పోసే ధైర్యం
మా చెన్నపట్నం వాళ్లకే ఉంది.

"మా మామగారి తాతది. అసలుదేనా చూడండి,
ఎగ్మూరు నుంచి ఒకాయన కొంటానంటున్నాడు"
అంది కన్యక, ఆటో దిగిన ఆయాసంతో.
పెట్టెని డ్రైవరు మోసుకొచ్చాడు.
బరువులు రెండూ చీరముక్కల్లో చుట్టి
ఒక్కో చంకలో ఒకటి, తనే తెచ్చింది.

ముళ్ల వంక నేను మొదట చూడను.
అవి ఎవరు తిప్పితే వాళ్ల మాట చెబుతాయి.
తాళంచెవి పెట్టే కన్నాల్లోకి చూస్తాను,
ఇరుసు నడిమధ్యన ఉందా, పక్కకి ఒరిగిందా అని.
దీనిది ఎడమకి ఒరిగింది,
పరాయి ఇంటి గుమ్మంలో నిలబడ్డ మనిషిలా.
కన్నం అంచుని ఎవరో ఆకురాయితో గీకి
కోడిగుడ్డంత పొడుగు చేశారు.

డయల్ విప్పాను.
వెనక పలక మీద కాగితం,
చెదలు తిన్నంత తినగా మిగిలిన అక్షరాల్లో
సముద్రాల అవతలి కంపెనీ పేరు ఒకటి.
యంత్రం మీది ముద్ర ఆ పేరు కాదు.
సుత్తి తీగ మెడ వంచి, నడుం వంచి
ఎలాగో గంటని అందుకుంటోంది,
పక్కింటి బావిలో చేద వేసినట్టు.

ఇంకా ఉంది.
యంత్రం అంచుల చుట్టూ లేత రంగు చెక్క,
దీపం పొగ తగలని చోటు.
ఇంతకన్నా వెడల్పాటి ఒళ్లు ఏదో
చాలా ఏళ్లు అక్కడ వీపు ఆనించి కూర్చుంది.
దాని నాలుగు మూలలా
నాలుగు స్క్రూ చిల్లులు, మూసేసి.

మూసిన తీరు చూసి నా చేయి ఆగిపోయింది.
అగ్గిపుల్ల, చింతగింజల జిగురు,
పైన కాఫీ డికాషన్ రంగు.
మునుసామి మేస్త్రి పద్ధతి అది.
కాదు, మేస్త్రి చెబితే నేను చేసిన పని.
మూడో చిల్లు మీద జిగురులో
పద్నాలుగేళ్ల వాడి బొటనవేలు గీతలు.

"ఏమంటారు ఏకాంబరంగారూ?"
"రేపు రండమ్మా."

అంగట్లో మేకుకి ఒక ఇత్తడి యంత్రం
మేస్త్రి ఉన్నన్నాళ్లూ వేలాడింది.
ఎవరిదని అడిగితే
"అది ఎవురిదీ కాదురా, నూనె గుడ్డ తే" అనేవాడు.
ఆయన పోయాక సొరుగులో పెట్టాను,
పారేయలేక, అమ్మలేక.

షట్టరు సగం దించి దాన్ని తీశాను.
కాలికీ కాలికీ మధ్య దారంతో కొలిచాను.
దారం అక్కర్లేకపోయింది.
నాలుగు కాళ్లూ నాలుగు చిల్లుల మీద
చప్పుడు లేకుండా కూర్చున్నాయి.

మంచిది తీసుకుని మామూలుది పెట్టాడా?
పెద్ద చక్రానికి మూడు పళ్లు లేవు.
తాడు తెగి బరువు ఒక రాత్రి ధనామని పడి ఉంటుంది,
దొంగ అనుకుని ఇల్లంతా లేచి ఉంటుంది.
లేదా మేకు మీద ఉండగానే,
మా చేతుల్లోనే ఊడాయా?
విరిగిన చోట నలుపు. పాత నలుపే.
ఎంత పాతదో లైటు దగ్గరికి తెచ్చి చూశాను,
కళ్లజోడు తుడుచుకుని చూశాను.
పొద్దుపోయాక ఇక చూడలేదు.

పొద్దున్నే వచ్చింది.
రెండు యంత్రాలూ బల్ల మీద పెట్టాను.
చిల్లులు చూపించాను, బొటనవేలు చూపించాను.
ఆమె చాలాసేపు ఏమీ అనలేదు.
బయట మీనబండి వాడు అరుచుకుంటూ పోయాడు.

"ఆయనకి ఏం చెప్పమంటారు?"
"పెట్టె అసలుది. లోపలిది మారింది.
మార్చింది మేము. ఎందుకో తెలీదు."

"మరి ఇవో?" అంది బరువుల్ని చూసి.
ఎదురుగా పాత ఇనుము సేటు తక్కెడలో తూచాం.
వీసమెత్తు తేడా.
పోతపోసిన నాటి గరుకు ఇంకా వాటి మీదే ఉంది.
ఏ యంత్రం వచ్చినా, ఏది పోయినా
వీటినే కిందికి లాగమన్నారు, లాగాయి.
"ఇవి మొదటినుంచీ ఉన్నవే."

ఒకటి ఎత్తి చంకలో పెట్టుకుంది.
రెండోది కాసేపు
నా చేతిలోనే ఉంది.